వెనుక చక్రపు బేరింగు

వెనుక చక్రపు బేరింగు అనగా మోటారు కారు వెనుక చక్రము తక్కువ ఘర్షణతో తిరుగుటకు అమర్చిన ఉక్కు భాగము. ఇందులో లోపలి కంకణము, బయటి కంకణము, వాటి నడుమ గుండ్లు, గ్రీజు ఉంటాయి. 1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800 కారులో ఇంజను ముందు చక్రాలను నడుపుతుంది. వెనుక బేరింగులు బ్రేకు డ్రమ్ము నడిబొడ్డులో ఉంటాయి. వెనుక చక్రాలను ఇంజను నడిపే అంబాసిడర్ వంటి కార్లలో అమరిక వేరు.

అరుగుదలకు కారణాలు

గ్రీజు ఎండిపోవడం, అధిక బరువు, గుంతల రోడ్లు సాధారణ కారణాలు. కొల్లేరు పరిసరాలలో నీరు మరొక కారణం. బుడమేరు, తమ్మిలేరుల వరద ఈ సరస్సులోనే చేరుతుంది. 2024 సెప్టెంబరు వరదలలో ఏలూరు-కైకలూరు రహదారిపై నీరు ప్రవహించింది. ప్రయాణంలో వేడెక్కిన డ్రమ్ము నీటిలో దిగగానే చల్లబడి, లోపలి గాలి సంకోచించి, అరిగిన సీలు గుండా నీటిని లోనికి లాగుతుంది. కారు వెంటనే బాగానే నడుస్తుంది. తుప్పు పట్టిన గుండ్ల మోత కొన్నాళ్ళకు గాని వినబడదు.

గుర్తించే విధానం

వేగముతో పాటు పెరిగే హోరు ముఖ్య లక్షణం. న్యూట్రల్‌లో కారు దొర్లుతున్నప్పుడు కూడా ఇది ఆగదు. రోడ్డు తీరును బట్టి మారే శబ్దం సాధారణంగా టైర్లది. జాకీపై లేపిన చక్రాన్ని పైన, క్రింద పట్టి ఊపితే కదలిక తెలుస్తుంది. చేతితో త్రిప్పితే గరగరలాడుతుంది.

మార్చే విధానం (మారుతి 800 తరహా)

1. సమతల నేలపై ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక చక్రపు నట్లు వదులు చేయాలి.
2. కారును జాకీతో లేపి, స్టాండుపై నిలపాలి. జాకీ ఒక్కదానినే నమ్మరాదు.
3. హ్యాండ్ బ్రేకు వదలి, చక్రము, మూత, స్ప్లిట్ పిన్ను, నట్టు, డ్రమ్ము వరుసగా తీయాలి.
4. పాత బేరింగులను, సీలును తొలగించి, ఇరుసు కొనను పరీక్షించాలి. అది అరిగినా, వేడికి నీలిరంగుకు మారినా క్రొత్త బేరింగు నిలువదు.
5. క్రొత్త బేరింగును బయటి కంకణముపై మాత్రమే ఒత్తిడి పెట్టి దించాలి. లోపలి కంకణముపై సుత్తితో కొడితే దెబ్బ గుండ్లకు తగిలి గుంటలు పడతాయి. లేత్ షాపులోని ప్రెస్సు మేలు.
6. క్రొత్త సీలు, క్రొత్త పిన్ను వేసి, నట్టును తయారీదారు సూచించిన బిగువుకు బిగించాలి.

జాగ్రత్తలు

బ్రేకు ధూళిని నోటితో ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. బ్రేకు షూలకు గ్రీజు అంటితే బ్రేకు పట్టదు. కొద్ది దూరం నడిపిన పిమ్మట చక్రపు నట్లు మరల సరిచూడాలి. అరిగిన బేరింగుతో తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై వేగంగా వెళ్ళడం ప్రమాదకరం. బేరింగు పట్టేసినా, విరిగినా చక్రము అదుపు తప్పుతుంది.