శివునకు ఒక భాగము, విద్యార్థికి ఒక భాగము

విద్యాదానమనగా బోధించుట మాత్రమే యని లోకము తలంచును. బోధించు ఆచార్యునకు జీవిక, వినెడు విద్యార్థికి అన్నము లేనిచో ఆ దానము ఎంతకాలము నిలుచును? ఈ ప్రశ్నకు ఆంధ్రదేశమున ఒక శిలాస్తంభము సమాధానము చెప్పుచున్నది. కృష్ణానదికి దక్షిణమున, నేటి అమరావతి ప్రాంతమందలి మల్కాపురమున నున్న ఆ శాసనము శాలివాహన శకము 1183, అనగా క్రీ.శ. 1261 నాటిది.

కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి శైవదీక్ష నొసగిన గురువు విశ్వేశ్వర శంభువు. ఆయన గౌడదేశమున జన్మించి, గోళకీమఠ సంప్రదాయమునకు ఆచార్యుడైన మహనీయుడు. ఆ మఠము గంగా నర్మదా నదుల నడుమనున్న డాహల దేశమున వెలసినది. అచటి కలచురి ప్రభువైన యువరాజదేవుడు సద్భావ శంభువునకు మూడు లక్షల గ్రామముల సీమను భిక్షగా సమర్పింపగా, ఆయన దానిని మఠమునకే ధారపోసెనని శాసనము వర్ణించుచున్నది. గ్రహించినదానిని తనకై నిలుపుకొనకుండుట ఆ గురుపరంపర యందలి ఆచారము.

గణపతిదేవుడు తన గురువునకు మందడ గ్రామమును వాగ్దానము చేసెను. తండ్రి పలికిన మాటను పుత్రిక రుద్రమదేవి శాసనపూర్వకముగా నెరవేర్చి, వెలగపూడిని సైతము చేర్చి సమర్పించెను. శిష్యులిచ్చిన ఈ సంపదను విశ్వేశ్వర శంభువు అనుభవింపలేదు. ప్రతిగ్రహీతయే దాత యయ్యెను.

ఆయన అచట శివాలయమును, శుద్ధశైవ మఠమును, అన్నసత్రమును నెలకొల్పి, విశ్వేశ్వర గోళకి యను అగ్రహారమును ఏర్పరచి, 60 బ్రాహ్మణ కుటుంబములను నిలిపెను. వారికి వృత్తులొసగిన పిమ్మట మిగిలిన భూమిని మూడు భాగములు చేసెను. మొదటిది శివునకు. రెండవది విద్యార్థుల భోజనమునకును, మఠమునకును. మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు.

ఋగ్యజుస్సామ వేదములను బోధించుటకు ముగ్గురు, వ్యాకరణము, మీమాంస, తర్కము, సాహిత్యము, ఆగమము అను శాస్త్రములకు ఐదుగురు ఆచార్యులు నియుక్తులైరి. వారితోపాటు ఒక వైద్యుడును, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుడును ఉండిరి. వంటవారు, సేవకులు, గ్రామరక్షకులు సైతము ఈ ఏర్పాటునందు విస్మృతులు కాలేదు. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చిన వారెల్లరకు అన్నము పెట్టవలెనని విధించిరి.

ఇందు గమనింపదగిన సూక్ష్మమొకటి గలదు. పరమశైవుడైన ఆచార్యుడు స్వయముగా పంపకము చేయుచు, ఈశ్వరునకు సింహభాగమును కేటాయింపలేదు. దేవునకు ఒక భాగము, చదువుకొను బాలునకు ఒక భాగము, రోగికిని ప్రసవించు తల్లికిని ఒక భాగము. నైవేద్యము ఏ పొలమునుండి వచ్చునో విద్యార్థి గ్రాసమును ఆ పొలపు ప్రక్కనుండియే వచ్చెను. శివారాధన, విద్యాపోషణ, ఆర్తసేవ అనునవి మూడు వేర్వేరు ధర్మములు కావు. ఒకే దానమునకు మూడు ముఖములు.

నేడు విద్యాలయమునకు ధనమిచ్చు ధర్మాత్ములు అనేకులు గలరు. భవనము కట్టించి శిలాఫలకమున పేరు చెక్కించుట సులభము. ఆ భవనమున పాఠము చెప్పువానికి ప్రతిసంవత్సరము జీవిక, వినువానికి ప్రతిదినము అన్నము, ఆ రెండింటికి సరియైన లెక్క ఏర్పరచుటయే కష్టము. మల్కాపుర స్తంభముపై దాతల నామములు మాత్రమే కాక, ఆ దానము ఎవరి విస్తరికి చేరవలెనో కూడ లిఖింపబడినది. దానము చేయబూనిన సజ్జనులు మొదట ఆ రెండవ లేఖనమును తలంపవలెను.

స్వస్తి.