తాళపుచెవి ఎవరి యధీనము

ప్రభుత్వ కళాశాలలో విద్యార్థుల వివరములకు బాధ్యుడెవ్వడను ప్రశ్న కంప్యూటర్లతో పుట్టినది కాదు. హైదరాబాదు రాష్ట్రపు తెలుగు జిల్లాలు ఆంధ్రతో గలసి ఆంధ్రప్రదేశమైన 1956వ సంవత్సరమందే ఖమ్మమున నెలకొని, నేడు ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. కళాశాల యని పిలువబడుచున్న విద్యాలయము వంటి ఆ కాలపు ప్రభుత్వ కళాశాలలందు అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకము, మార్కుల జాబితాలు ఇనుప బీరువాలో నుండెడివి. దాని తాళపుచెవి గల గుమాస్తా బదిలీయై పోవునప్పుడు, లోపలి ప్రతి పుస్తకమును ఛార్జి జాబితాలో నెక్కించి, ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును సంతకములు చేసినగాని అతనికి విడుదల లేదు. పుట్టిన తేదీలో ఒక్క అంకె తప్పు పడినను గీకివేయ రాదు. పాత యంకె కనబడునట్లే దానిపై నొక గీత గీసి, ప్రక్కను ఎర్రసిరాతో సరియైనది వ్రాసి, ప్రిన్సిపాలు పొట్టిసంతకము వేయవలెను. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో తెలియవలెనను నేటి చట్టముల కోరిక యంతయు ఆ గీతలో నిమిడియే యున్నది. పరీక్షల దినములలో ప్రశ్నపత్రముల కట్టలు లక్కముద్రలతో పోలీసు ఠాణాలో నిద్రించెడివి.

ఈ సీమకు లెక్కల తగవు క్రొత్తది కాదు. నేలకొండపల్లిలో బుట్టి పాల్వంచ పరగణా తహసీలుదారైన కంచర్ల గోపన్న, అనగా భక్త రామదాసు, గోలకొండ చెరసాలలో మ్రగ్గుటకు మూలము సర్కారు సొమ్ము అనుమతిలేక భద్రాచలపు గుడికి వెచ్చించుటయే గదా. కీర్తనల మాధుర్యమున మనమా సంగతి మరచితిమి. సరిహద్దులైనను నిలుకడ గలవి కావు. 1860లో నిజాము నుండి ఆంగ్లేయుల వశమై, మొదట మధ్యపరగణాలలోను 1874 నుండి మద్రాసు రాజధానిలోను నుండిన భద్రాచలము 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు వచ్చినది. 2014లో పోలవరము నిమిత్తము చింతూరు, కూనవరము, కుక్కునూరు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమునకు బోగా, భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణములో మిగిలినది. ఏలిక మారిన ప్రతిసారియు కాగితములు చేతులు మారుచునే యున్నవి. అయితే ఆ చేతులు కంటికి కనబడెడివి.

ఉపకారవేతనములకు ఈ-పాస్, డిగ్రీ ప్రవేశములకు 2016 నుండి దోస్త్ అను పోర్టళ్లు వచ్చిన పిమ్మట బీరువా యదృశ్యమైనది. కులము, ఆదాయము, ఆధారు, బ్యాంకు ఖాతా ఒక్క పాస్‌వర్డు వెనుకకు జేరినవి. ఆ పాస్‌వర్డు గుమాస్తాకు దెలియును, పొరుగుసేవల ఆపరేటరుకు దెలియును, రద్దీ దినములలో సాయము వచ్చిన అధ్యాపకునకు దెలియును. మానిటరు అంచున నంటించిన చీటీపై దానిని చదువనివాడే యరుదు. అడవి యూళ్లనుండి వచ్చిన కోయ పిల్లవాని స్థితి యింకను విచిత్రము: ఇంట ఫోను లేమిచే నెట్ సెంటరువాని నంబరే దరఖాస్తున నెక్కును, ఓటీపీ యతనికే వచ్చును, వేతనము రాని నాడు ఆ పిల్లవాడు ఎవరి నడుగవలెనో యెరుగడు. కార్యాలయమువారి దురుద్దేశ మిందు లేదని నేను నమ్ముదును. ఉన్నది అలవాటు మాత్రమే, కాని దొంగకు గావలసినదియు నంతే.

చట్టము నెమ్మదిగా వచ్చినది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమునకు 2008లో జరిగిన సవరణము పరుల పాస్‌వర్డును మోసముతో వాడుట నేరమనెను. 2022 ఏప్రిల్ 28న కేంద్రపు సైబరు భద్రతా సంస్థయగు సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశములు ప్రభుత్వ సంస్థలకును వర్తించుచు, చొరబాటు తెలిసిన 6 గంటలలో తెలుపవలెననియు, లాగులను, అనగా కంప్యూటరు తనంత తాను వ్రాసికొను నమోదులను, 180 దినములు భద్రపరుపవలెననియు, తుదకు కంప్యూటర్ల గడియారములు సైతము ఒకే కాలమును జూపవలెననియు విధించినవి. గడియారపు నిబంధన చూచి నవ్వినవారు గలరు. కాని వేళలు గలియని లాగు తేదీలేని పొట్టిసంతకము వంటిది. ఇక 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టము, సర్కారు రాయితీలు, ధ్రువపత్రములు ఇచ్చు సందర్భమున కొన్ని షరతులకు లోబడి సమ్మతి కోరకయే వివరములను వాడవచ్చుననెను గాని, వాటిని గాపాడు విధినుండి విముక్తి నొసగలేదు. ఇంటర్మీడియట్ చదువు పదునారేండ్లవాడు ఈ చట్టము దృష్టిలో బాలుడే గనుక, సమ్మతి యవసరమైనచోట తల్లిదండ్రులదే యడుగవలెను.

నా దృష్టిలో కొరత చట్టములది కాదు, ఛార్జి జాబితాది. కుర్చీలు, బీరువాలు, ప్రింటరు వరకు నెక్కించు ఆ పత్రమున పోర్టలు లాగిన్లకు గడి కానరాదు. ఆపరేటరు మారినను పాస్‌వర్డు మారదు. ఆ గడి చేర్చుటకు ఢిల్లీ యుత్తరువు అక్కరలేదు, ప్రిన్సిపాలు కలము చాలును.

చేర్పుతో దీరని చిక్కు వేరొకటి గలదు. భద్రాచలము పొలిమేరలోని ఎటపాక ఆంధ్రప్రదేశములోనిది. అచ్చటి విద్యార్థి భద్రాచలమున జదివినచో అతని కులపత్రమొక రాష్ట్రపు యంత్రమందును, మార్కులు వేరొక రాష్ట్రపు యంత్రమందును నుండును. తప్పు దొరలినచో ఏ రాష్ట్రము నడుగవలెనో యతడెరుగడు. సమ్మతితో నిచ్చిన వివరములలో తప్పు దిద్దించుకొను హక్కును మాత్రము 2023 చట్ట మొసగినది. సమ్మతి కోరు నోటీసును ఇంగ్లీషున గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందు గాని చదువుకొను వీలును కల్పించినది. ఆ 22 భాషలలో సంతాలీ యున్నది, బోడో యున్నది, కోయ లేదు.