ఉపాధ్యాయ గ్రంథపాలకులు (ఆస్ట్రేలియా)

ఉపాధ్యాయ గ్రంథపాలకులు అనగా బోధనలోను, గ్రంథాలయ శాస్త్రంలోను అర్హత పొంది పాఠశాల గ్రంథాలయాన్ని నిర్వహించేవారు. ఆస్ట్రేలియాలో ఈ వృత్తికి ప్రత్యేక గుర్తింపు ఉంది. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం వీరి పనిలో ఒక భాగం మాత్రమే. విద్యార్థులలో పఠనాసక్తిని, సమాచారాన్ని వెదకి నిగ్గుతేల్చే నేర్పును పెంపొందించడంలో పాఠశాలకు నాయకత్వం వహించడం వీరి ముఖ్య బాధ్యత.

చరిత్ర

అమెరికాకు చెందిన గ్రంథాలయ నిపుణురాలు శారా ఫెన్విక్ నివేదిక 1966లో వెలువడి, ఆస్ట్రేలియా పాఠశాల గ్రంథాలయాల లోపాలను ఎత్తిచూపింది. 1968లో చేసిన చట్టం ద్వారా కేంద్ర ప్రభుత్వం ఉన్నత పాఠశాలల గ్రంథాలయాలకు నిధులు సమకూర్చింది. ఆస్ట్రేలియా పాఠశాల గ్రంథాలయ సంఘం 1969లో ఏర్పడింది.

నాయకత్వ పాత్ర

ఉపాధ్యాయ గ్రంథపాలకులకు తోటి ఉపాధ్యాయులపై అధికారం ఉండదు. అయితే అన్ని తరగతుల, అన్ని విషయాల పాఠ్యాంశాలతో వీరికి సంబంధం ఉంటుంది. వీరి నాయకత్వానికి ఇదే ఆధారం. ఉదాహరణకు తొమ్మిదవ తరగతిలో మొదటి ప్రపంచ యుద్ధం పాఠ్యాంశంగా ఉన్నపుడు, చరిత్ర ఉపాధ్యాయునితో కలిసి వీరు పాఠాన్ని రూపొందిస్తారు. ప్రశ్నను ఎలా వేసుకోవాలి, ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2009లో ప్రారంభించిన 'ట్రోవ్'లో నాటి వార్తాపత్రికలను ఎలా వెదకాలి, పరస్పర విరుద్ధమైన కథనాలను ఎలా పోల్చాలి, ఆధారాలను ఎలా పేర్కొనాలి అనేవి విద్యార్థులకు నేర్పుతారు.

ఇందుకు ప్రధానోపాధ్యాయుని సహకారం, ఉమ్మడి ప్రణాళికకు తగిన సమయం అవసరం. ఇతర ఉపాధ్యాయులకు విరామం కల్పించడానికే గ్రంథపాలకుని పీరియడ్లన్నీ కేటాయిస్తే ఈ పాత్ర నామమాత్రమవుతుంది.

2011 నివేదిక

ఆర్థిక మాంద్యాన్ని ఎదుర్కొనేందుకు 2009లో చేపట్టిన పథకం కింద అనేక ప్రాథమిక పాఠశాలలకు కొత్త గ్రంథాలయ భవనాలు వచ్చాయి. కాని వాటిని నడిపే శిక్షితులు చాలినంతమంది లేరు. ఈ నేపథ్యంలో పార్లమెంటు ప్రతినిధుల సభ సంఘం 2010లో విచారణ చేపట్టి, 2011 మే నెలలో 11 సిఫారసులతో నివేదిక సమర్పించింది. దేశవ్యాప్తంగా ఉపాధ్యాయ గ్రంథపాలకుల కొరతను అంచనా వేయాలన్నది వాటిలో ఒకటి.

ఆస్ట్రేలియాలో పాఠశాలల నిర్వహణ రాష్ట్రాల పరిధిలోనిది. నియామక పద్ధతి రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. పలుచోట్ల ఇది ప్రధానోపాధ్యాయుని నిర్ణయంపై ఆధారపడుతుంది. ఖర్చు తగ్గించుకోవలసి వచ్చినపుడు ముందుగా ఈ పదవికే ముప్పు కలుగుతుంది. పుస్తకాలు, భవనం మిగిలినా, వాటిని తరగతి బోధనతో కలిపే వ్యక్తి లేకుండాపోతారు.

ఇవి కూడా చూడండి

గ్రంథాలయం
గ్రంథాలయ శాస్త్రం