నీళ్ళు దాటితేనే పువ్వు

జాలరిపేట అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చేపే. తెప్పలు ఒడ్డుకు చేరే వేళకు తట్టలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, బేరాలు, కేకలు, కాకుల గోల. అదే విశాఖపట్నంలో ముందుగదిలో గాజుపెట్టెలో తిరిగే చేప ఒకటుంది. దాన్ని ఎవరూ వండరు, బేరమాడరు, చూసి మురుస్తారంతే. నేను చెప్పబోయేది ఆ చేప గురించి కాదు, దాని పక్కన ఊగుతూండే పచ్చటి ఆకుల గురించి. కానీ ఆ కథ కూడా ఈ ఒడ్డునుంచే మొదలెట్టాలి.

ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు 1780లలో విశాఖపట్నంలో ఉండేవాడు. రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారే, ఆ రస్సెల్ ఈయనే. ఆ పాముకు ఆయన తన పుస్తకంలో రాసుకున్న తెలుగు పేరు 'కాటుక రేకుల పొడ'. ఎంత ముచ్చటైన పేరో చూడండి, పాముకి పోయింది గానీ! విశాఖలో సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో ఆయన రెండు సంపుటాలు తయారుచేస్తే, 1803లో లండనులో అచ్చయ్యాయి. అందులో కూడా చేపలకు మన పేర్లే, ఇంగ్లీషు అక్షరాల్లో. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనిపించే చేప 'తిమిరి'. ఈ పేర్లన్నీ వలవేసేవాళ్ళు చెప్పకపోతే దొరకి ఎలా తెలుస్తాయి? అట్టమీద రస్సెల్ పేరుంది, లోపల చేప పేరుంది, చెప్పిన జాలరి పేరే మనకు దక్కలేదు.

చేపకు పేరు పెట్టడం ఒకరకంగా తేలికే. నీళ్ళలో ఉన్నా తట్టలో ఉన్నా అదే చేప. నీటిమొక్క అలా కాదు, మహా టక్కరిది. అక్వేరియంలో 'వాటర్ విస్టీరియా' అని అమ్మే మొక్కనే తీసుకోండి. మన చెరువుగట్ల నీరుగొబ్బికి దగ్గర చుట్టం. నీళ్ళలో మునిగి ఉన్నంతసేపూ ఆకులు దువ్వెన పళ్ళలా చీలికలు చీలికలుగా ఉంటాయి. తల నీళ్ళపైకి వచ్చిందో, ఆకు ముదురుగా, అంచున చిన్న పళ్ళతో మామూలు ఆకైపోతుంది. రెండూ పక్కపక్కన పెడితే ఒకే తల్లి పిల్లలంటే నమ్మరు. దాని శాస్త్రీయ నామం హైగ్రోఫిలా డిఫార్మిస్. డిఫార్మిస్ అంటే రూపాలు వేరువేరుగా ఉన్నదని. పువ్వు పుయ్యడం మాత్రం ఒక్క పైరూపానికే.

మరి ఆ రోజుల్లో మొక్కలకు పేరు పెట్టే పద్ధతి లినేయస్‌ది, అంటే పువ్వులోని కేసరాలూ కీలాలూ లెక్కపెట్టి తరగతులు చెయ్యడం. ఆకు ఎంత బావున్నా పువ్వు లేకపోతే ఆ మొక్క ఎవరింటి పిల్లో తేలదు.

లినేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. వైద్యం ఎంత చేశాడో గానీ మొక్కలు మాత్రం బోలెడు ఏరి యూరపుకు పంపాడు. స్వీడనులో రెట్జియస్ 1779లో ఇక్కడి నీటిమొక్క ఒకదాన్ని, పూరేకు మెలి చూసి, 'స్పైరాలిస్' అన్నాడు. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు. ఆయన ఉద్యోగం విశాఖలో ఉన్న రస్సెల్‌కి వచ్చింది, రస్సెల్ వెళ్ళిపోయాక సామర్లకోటలో ఉన్న రాక్స్‌బరోకి. మూడువందల బొమ్మల 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గొప్ప గ్రంథం 1795లో రావడం మొదలైంది. దానికి పీఠిక రాసింది మన చేపల రస్సెలే! ఆ బొమ్మలు వేసిన దేశవాళీ చిత్రకారుల పేర్లూ జాలరి పేరు దారినే పోయాయి.

రాక్స్‌బరో వర్ణించిన వాటిల్లో వాగుల్లో పెరిగే మరో మెలిపువ్వు ఉంది, 'రెట్రోస్పైరాలిస్'. ఇప్పుడు దీన్నీ స్పైరాలిస్‌నూ క్రిప్టోకొరైన్ జాతిలో చేర్చారు. ఆ పేరుకు 'దాచిన గద' అని అర్థం. ఇవి చేమకూ కందకూ అయినవాళ్ళు. వానాకాలంలో వాగు నిండితే మునిగి ఆకులు సాగదీసుకుంటాయి, నీరు తగ్గి బురద తేలాక పూస్తాయి. పువ్వు పొడుగాటి గొట్టం. అడుగున చిన్న గది. వాసనకు దిగిన చిన్న ఈగలు అందులో చిక్కుకుంటాయి. ముందు ఆడపువ్వులు సిద్ధమవుతాయి, తర్వాత మగపువ్వులు పుప్పొడి రాలుస్తాయి, అది ఒంటికి పులుముకున్నాక ఈగలకు విడుదల. ఇంత నాటకం నీళ్ళలో ఎలా సాగుతుంది? అందుకే ఎండకాలం దాకా ఆగుతుంది కాబోలు.

ఇంగ్లండులో 1850లో వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గాజుతొట్టిలో బంగారుచేపలూ నత్తలూ వాలిస్‌నేరియా మొక్కా కలిపి ఉంచితే నీరు చెడదని చూపించాడు. ఇక గాజుపెట్టె మోజు పట్టుకుంది. మన వాగుమొక్కల చుట్టాలు దొరల ఇళ్ళకు చేరాయి. అక్కడ ఏడాది పొడుగునా నీళ్ళే! ఆకులు వేస్తాయి, పిలకలు వేస్తాయి, పువ్వు మాత్రం దాదాపు పుయ్యవు. పువ్వు లేదు గనక అంగట్లో నోటికొచ్చిన పేరు. దానికి విరుగుడు అక్వేరియం ప్రియులే కనిపెట్టారు. మొక్కను కుండీలో పెట్టి, వేళ్ళు తడిలో ఉంచి, పైన గాజుమూత వేసి, తల గాలిలో పెంచడం. అంటే నీరు తగ్గిన వాగును ఇంట్లో సృష్టించడం. హాలండులో డివిట్ అనే ఆచార్యుడు 1958లో శ్రీలంక మొక్క ఒకదానికి, మొక్కల మీద రాసిన జర్మను అభిమాని వెండ్ట్ పేరు పెట్టాడు. ఇవాళ అక్వేరియం దుకాణాల్లో 'వెండ్టీ' లేని చోటు ఉండదు. డెన్మార్కులో 1970లో మొదలైన ట్రోపికా లాంటి తోటలు కూడా మొక్కల్ని చాలావరకు నీళ్ళ బయటే పెంచి అమ్ముతాయి. మన దేశపు చెరువుల మొక్క, డెన్మార్కు కుండీలో, మన రూపాయలకి!

ఆకు ఎందుకు మారుతుందో కూడా ఇప్పుడు తెలిసింది. మామిడికాయల్ని ముగ్గబెట్టే ఇథిలీన్ వాయువే మొక్క ఒంట్లోనూ పుడుతుంది. నీళ్ళలో అది త్వరగా బయటికి పోలేదు, పేరుకుని మునిగిన ఆకును పుట్టిస్తుంది. గాలిలో పొడి తగిలితే మరో రసాయనం పెరిగి గట్టి ఆకు వస్తుంది.

విశాఖ గాలిలో చెమ్మకు కరువు లేదు గనక ఇది మన వరండాలోనూ చెయ్యొచ్చు. వాటర్ విస్టీరియా కొమ్మను బురదమట్టి కుండీలో గుచ్చి, కుండీని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, పైన గాజుసీసా బోర్లించండి. ఎండ నేరుగా తగలకూడదు. పాత ఆకులు వడలుతాయి, కంగారుపడకండి. కొత్తవి రాగానే సీసాను రోజూ కొంచెం కొంచెంగా ఎత్తి ఉంచండి. ఒక్కసారిగా తీసేస్తే మొక్క చచ్చిపోతుంది. కుదురుకున్నాక ఆకు మొదళ్ళలో లేత ఊదారంగు పువ్వులు చిన్నవి వస్తాయి. పూశాక ఓ కొమ్మ తుంచి మళ్ళీ గాజుపెట్టెలో గుచ్చండి. గట్టి ఆకులన్నీ కుళ్ళి రాలిపోతాయి, చిగురులోంచి వచ్చే ఆకు మళ్ళీ చీలికలు చీలికలుగా విచ్చుకుంటుంది.