రొమ్ము పట్టని శిశువు

పుట్టిన తొలి రోజుల్లో కొందరు పసిపిల్లలు రొమ్ము పట్టుకోలేరు, పట్టినా నాలుగు గుక్కలకే వదిలేసి ఏడుస్తారు. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇళ్లలో దీన్ని తరచు "తల్లికి పాలు పడలేదు" అని తేల్చేసి చక్కెర నీళ్లు, డబ్బా పాలు మొదలుపెడతారు. ఈ తొందర బిడ్డకు చేటు. బిడ్డ చీకే కొద్దీ పాలు ఊరతాయి. చీకడం తగ్గితే ఉన్నవీ తగ్గుతాయి. మొదటి రెండు మూడు రోజులు వచ్చే చిక్కటి ముర్రుపాలు కొద్దిగానే ఉంటాయి, అప్పటికి అవే చాలు.

ఎక్కువసార్లు లోపం బిడ్డను పట్టుకున్న తీరులో ఉంటుంది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి, మెడ పక్కకు తిరగకూడదు. నోరు బాగా తెరిచినప్పుడే దగ్గరకు తీసుకోవాలి. గడ్డం రొమ్ముకు తగిలి, కింది పెదవి బయటికి తిరిగి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్తే పట్టు కుదిరినట్టు. మొన ఒక్కటే చీకితే తల్లికి పుండు పడుతుంది, బిడ్డకు పాలు రావు.

చనుమొన లోపలికి ఉంటే 1993లో దావణగెరె పిల్లల వైద్యులు ప్రచురించిన పద్ధతి పనికొస్తుంది. ప్లాస్టిక్ సిరంజి సూది వైపు కొన కోసేసి, ఆ కోసిన వైపు నుంచి పిస్టన్ దూరుస్తారు. నున్నగా ఉన్న రెండో అంచును మొనపై ఆనించి, నొప్పి పుట్టకుండా మెల్లగా లాగుతారు. పాలిచ్చే ముందు ఇలా చేస్తే మొన కాసేపు బయటికి నిలుస్తుంది. ఇంత చవకైన సాయం గురించి ప్రతి బాలింతకూ చెప్పాలి.

34 వారాల లోపు పుట్టిన బిడ్డకు చీకడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి ఇంకా కుదరవు. ఆ బిడ్డకు పాలు ఎలా పట్టాలో డాక్టరు చెబుతారు. మింగగలిగితే చేత్తో పిండిన తల్లిపాలను శుభ్రంగా మరిగించిన ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టవచ్చు. నాలుక కింద పొర బిగుసుకున్నా, గ్రహణమొర్రి ఉన్నా డాక్టరుకు చూపాలి.

ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, రెండు వారాల్లో పుట్టినప్పటి బరువును అందుకుంటే పాలు సరిపోతున్నట్టే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. గుంటూరు మిర్చి కోతలకు వలసపోయే కుటుంబాలకు ఈ సందర్శన తప్పిపోతుంది; వెళ్లిన చోట ఆశాను ముందే కలవాలి.

బిడ్డ లేపినా లేవక చీకడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, జ్వరంతో కాలుతున్నా, అరిచేతులు, అరికాళ్లు పచ్చబడినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఒళ్లు చల్లబడిన బిడ్డను తల్లి ఎదకు ఆనించి కప్పుకొని దారి పొడవునా వెచ్చగా ఉంచాలి.