ఆకాశమెక్కిన బెలూన్లు – వాటిని వెదకి తెచ్చిన రేడియో మిత్రులు

మన పాఠశాల అమృతోత్సవ సంచికలో బెలూన్ల చరిత్రకు చోటెందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చును. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలనుండి బయలుదేరిన మన పెద్దలలో అనేకులు షోలాపూర్ దారిన వచ్చి, భివండీలో మరమగ్గాలు పట్టి, ఇక్కడే స్థిరపడ్డారు. అదే దారిలో, నేలమీద గాక నేలకు ముప్పై నలభై కిలోమీటర్ల ఎత్తున, మరొక ప్రయాణం ఆరు దశాబ్దాలకు పైగా సాగుతున్నది. హైదరాబాదులో వదలిన శాస్త్రీయ బెలూన్లు మోసుకొనిపోయిన పరికరాలు విశాఖపట్నం – హైదరాబాద్ – షోలాపూర్ రేఖ వెంబడి ఏదో ఒక పొలంలో దిగుతుంటాయి. ఆ బెలూన్లను పంపే టాటా మౌలిక పరిశోధనా సంస్థ కేంద్రస్థానం మనకు సమీపాననే, ముంబయిలోని కొలాబాలో ఉన్నది.

బెలూన్ ఎగిరిన వార్త పత్రికలలో వస్తుంది. అది మోసిన పెట్టె తిరిగి చేతికి వచ్చిన వృత్తాంతం అంతగా ఎవరికీ తెలియదు. నిజానికి ప్రయోగమంతా ఆ పెట్టెలోనే ఉంటుంది. కనుక ఈ వ్యాసంలో ఎగిరిన కథకంటె తిరిగివచ్చిన కథకే ప్రాధాన్యమిస్తున్నాను.

కాస్మిక్ కిరణాల కోసం

1912 ఆగస్టు 7వ తేదీన ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ హైడ్రోజన్ బెలూన్‌లో కూర్చుండి అయిదు వేల మీటర్లకు మించిన ఎత్తుకు వెళ్ళాడు. పైకి పోయినకొద్దీ గాలిలో వికిరణం తగ్గవలసినది పోయి పెరగడం గమనించాడు. అది భూమినుండి గాక అంతరిక్షంనుండి వస్తున్నదని తేల్చాడు. ఇవే కాస్మిక్ కిరణాలు. ఈ ఆవిష్కరణకు ఆయనకు 1936లో నోబెల్ బహుమతి లభించినది.

మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసినవారు డాక్టర్ హోమీ భాభా. 1945లో టాటా మౌలిక పరిశోధనా సంస్థ ఏర్పడిన పిమ్మట, రబ్బరు బెలూన్లను గుత్తిగా కట్టి పరికరాలను పైకి పంపే ప్రయోగాలు ఆయన ప్రోత్సాహంతో మొదలైనవి. ఆ రోజులలో బెలూన్లు మోసినవాటిలో ముఖ్యమైనవి ఒక విధమైన ఫొటోగ్రాఫిక్ ఫలకాలు. కాస్మిక్ కిరణం తగిలినచోట ఫలకంలో సూక్ష్మమైన గీత ఏర్పడుతుంది. ఫలకాన్ని తెచ్చి రసాయనాలలో కడిగి, సూక్ష్మదర్శినిలో చూస్తేనే ఆ గీత కనబడుతుంది. పెట్టె దొరకకపోతే నెలల తరబడి పడిన శ్రమలో మిగిలేది శూన్యమే.

పిమ్మట హైదరాబాదు ఈ ప్రయోగాలకు స్థిరమైన కేంద్రమైనది. ఆ నగరం భూమియొక్క అయస్కాంత మధ్యరేఖకు సమీపంలో ఉన్నది. అక్కడ భూ అయస్కాంత శక్తి తక్కువ శక్తిగల కణాలను పక్కకు తోసివేస్తుంది కనుక పరికరాలకు అనవసరమైన రొద తగ్గుతుంది. 1969లో అక్కడ నెలకొల్పిన బెలూన్ కేంద్రం నుండి వందలాది బెలూన్లు ఎగిరినవి.

బట్ట నేసేవారికి అర్థమయ్యే సంగతి

ఈ బెలూన్లను పాలిథిన్ పొరతో చేస్తారు. పొడవాటి పట్టీలను వరుసగా చేర్చి అంచులను వేడితో అతుకుతారు. నూలు పోగు సన్నదనం తెలిసిన మన మగ్గాల కార్మికులకు ఒక అంకె చెప్పాలి. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. హైదరాబాదు కేంద్రంలో మూడు మైక్రాన్లకంటె పలుచని పొరతో చేసిన ఒక బెలూన్ 51 కిలోమీటర్లకు పైగా ఎత్తు చేరినది. అంత పలుచని పొర, ఉష్ణమండలంలో పదహారు, పదిహేడు కిలోమీటర్ల ఎత్తున మైనస్ 80 డిగ్రీల చలిని దాటవలసి ఉంటుంది. ఆ చలికి పెళుసెక్కి పగిలిన బెలూన్లు ఎన్నో. ఆ చలికి తాళగల పొరను మన దేశంలోనే సిద్ధం చేసుకొనడం ఆ కేంద్రం సాధించిన ఘనకార్యాలలో ఒకటి.

ప్రయోగం ముగిసిన తరువాత భూమినుండి రేడియో ఆజ్ఞ పంపి పరికరాలను బెలూన్‌నుండి వేరు చేస్తారు. అవి పెద్ద రంగురంగుల పారాచూట్ సాయంతో దిగుతాయి. గాలివాటునుబట్టి హైదరాబాదుకు రెండు వందలనుండి మూడు వందల యాభై కిలోమీటర్ల దూరంలో సైతం నేలకు చేరవచ్చును.

పొలంలో దిగిన పెట్టె

ఇక్కడనుండి శాస్త్రవేత్త చేయగలిగినది కొంతే. మిగిలినది ఆ పొలం యజమాని చేతిలో ఉన్నది. బెలూన్లను వదిలే ప్రతి ఋతువులోను సంస్థ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాల ప్రజలకు ఒక విజ్ఞప్తి చేస్తుంది. పెట్టెను విప్పవద్దు, కదల్చవద్దు, సమీపంలోని పోలీసు ఠాణాకో తపాలా కార్యాలయానికో తెలుపవలసినది, తెలిపినవారికి తగిన పారితోషికం ఉంటుంది, పరికరాలు చెడగొడితే ఉండదు అని దాని సారాంశం.

ఈ విజ్ఞప్తి విలువ ఎంతటిదో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 2005 ఏప్రిల్‌లో ఇస్రో హైదరాబాదునుండి పంపిన బెలూన్ 459 కిలోల పరికరాలను మోసి, 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తుల మధ్య గాలిని గొట్టాలలో నింపుకొన్నది. ఆ గొట్టాలు భద్రంగా తిరిగివచ్చినవి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోను, పూనాలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలోను వాటిని పరీక్షించగా, అంతకుముందు ఎవరికీ తెలియని మూడు బాక్టీరియా జాతులు బయటపడినట్లు 2009లో ప్రకటించారు. వాటిలో ఒకదానికి ఆర్యభట్టు పేరు పెట్టారు. దారిలో ఎవరైనా కుతూహలంకొద్దీ ఒక్క గొట్టం మూత తిప్పి ఉంటే నేలమీది గాలి లోపలికి చొరబడి, ఆ ఫలితానికి విలువే లేకపోయేది.

తెలియనివారికి భయం కలగడం సహజమే. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల గ్రామ పొలాలలో ఒక విచిత్రమైన పెద్ద గోళం దిగినపుడు జనం గుంపులుగా వచ్చి చూచారు. అది హైదరాబాదు కేంద్రంనుండి ఒక స్పెయిన్ సంస్థ జరిపిన ప్రయోగానికి చెందినదని తరువాత తెలిసినది. 2025 జనవరిలో బీదర్ జిల్లా జలసంగి గ్రామంలోనూ ఇటువంటి కలవరమే కలిగినది. వింత వస్తువని బెదరక, దొరికిన సొత్తని విప్పక, కబురు పంపిన ప్రతి గ్రామస్థుడూ ఆ ప్రయోగంలో పాలుపంచుకొన్నవాడే.

బెలూన్‌కు నోరు వచ్చినది

1929 జనవరిలో ఫ్రాన్సులో రోబేర్ బ్యూరో చిన్న రేడియోను బెలూన్‌కు కట్టి పంపి, అది పైనుండే వాతావరణ వివరాలు చెప్పేటట్లు చేశాడు. నేడు ప్రపంచమంతటా వాతావరణ శాఖలు ప్రతిదినం పంపే రేడియోసాండ్లకు అదే నాంది. బెలూన్ మాట్లాడటం మొదలుపెట్టగానే దానిని వినేవారికి ప్రాముఖ్యం ఏర్పడినది.

ఆ వినేవారిలో ఔత్సాహిక రేడియో మిత్రులు, అనగా ‘హామ్’లు, ప్రముఖులు. వీరు పరీక్ష ప్యాసై, ప్రభుత్వ లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా రేడియో నడిపేవారు. 1987 ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బిల్ బ్రౌన్ అనే హామ్ తన రేడియోను బెలూన్‌కు కట్టి పంపిన తరువాత అక్కడ ఈ అభ్యాసం వ్యాపించినది. పిమ్మట విద్యార్థులు అందుకొన్నారు. 2009లో స్పెయిన్‌లోని కెటలోనియా ప్రాంతపు ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ ఉపాధ్యాయుని సాయంతో సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు కెమెరాను పంపి, తిరిగి తెచ్చుకొన్నారు.

విద్యార్థుల బెలూన్ చిన్నది. రబ్బరు బెలూన్, పారాచూట్, థర్మోకోల్ డబ్బా, అందులో కెమెరా, జి.పి.ఎస్., అతి తక్కువ శక్తిగల రేడియో ఉంటాయి. సెకనుకు అయిదు మీటర్ల చొప్పున ఎక్కితే వంద నిమిషాలలో ముప్పై కిలోమీటర్లు చేరుతుంది. అక్కడ గాలి ఒత్తిడి నేలమీది ఒత్తిడిలో నూరవ వంతు మాత్రమే. బెలూన్ ఉబ్బి ఉబ్బి పగులుతుంది, డబ్బా పారాచూట్‌తో దిగుతుంది. కొన్ని జి.పి.ఎస్. పరికరాలు 18 కిలోమీటర్లు దాటగానే స్థానం చెప్పడం మానివేస్తాయి. ఆ సంగతి ముందుగా చూచుకొనని జట్టుకు పై సగం ప్రయాణంలో డబ్బా ఎక్కడున్నదో తెలియదు.

ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఉన్న రేడియోకు అడ్డేమీ లేదు. దాని సంకేతం సుమారు 600 కిలోమీటర్ల దూరం వినబడుతుంది. భివండీపైన ఆ ఎత్తున బెలూన్ ఉంటే షోలాపూర్ దాటి హైదరాబాదు పొలిమేరలవరకు వినవచ్చునన్నమాట. అదే డబ్బా ఒక గుట్ట వెనుక జొన్నచేనులో పడితే, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి కూడా వినబడదు. కనుక చివరిసారి ఎవరు, ఎక్కడ విన్నారన్నది అత్యంత ముఖ్యం. అందుకే దారి పొడుగునా ఊరూరా ఒక హామ్ చెవి ఒగ్గి ఉండటం అవసరం. ఒకచోట విన్నవారు దిశ చూపే యాగీ ఏరియల్ తిప్పి సంకేతం వచ్చే దిక్కును పటంమీద గీతగా గీస్తారు. మరొకచోటివారు మరొక గీత గీస్తారు. రెండు గీతలు కలిసినచోటికి జట్టు బయలుదేరుతుంది. ఇద్దరిలో ఏ ఒక్కరి గీతా తనంతట తాను స్థలం చూపలేదు.

ఈ విద్యలో తెలుగునాటికి గౌరవప్రదమైన స్థానమున్నది. 1983లో హైదరాబాదులో నెలకొన్న జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఎందరికో శిక్షణ ఇచ్చినది. దాచిపెట్టిన రేడియోను సంకేతం వెంబడి పోయి కనిపెట్టే ‘నక్కవేట’ హామ్‌లకు ఆటయే గాక, బెలూన్ డబ్బాను వెదకడానికి కావలసిన అభ్యాసం కూడా. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు ఆ సంస్థ పక్షాన భారతీ ప్రసాద్ నాయకత్వంలో అండమాన్‌లో ఉన్న బృందం, ఇతర సంబంధాలు తెగిన సమయంలో పోర్ట్‌బ్లెయిర్‌నుండి వార్తలు చేరవేసి ఎందరికో తమవారి క్షేమం తెలిపినది. 2005 మే 5న ఇస్రో హామ్‌లకోసమే హామ్‌శాట్ అనే ఉపగ్రహాన్ని పంపినది.

విద్యార్థులకు ఒక మాట

మన పాఠశాల విద్యార్థులు ఈ విద్య నేర్వదలచితే ముందు బెలూన్ కొనవలసిన పని లేదు. హామ్ పరీక్షకు చదువవచ్చును. నక్కవేట ఆడవచ్చును. బెలూన్ వదలదలచినపుడు విమానయాన అధికారుల అనుమతి తప్పనిసరి అని గుర్తుంచుకొనాలి. డబ్బామీద తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలలో “ఇది విద్యార్థుల ప్రయోగం, ప్రమాదకరం కాదు, దయచేసి తెలుపగలరు” అని వ్రాయాలి. ఈ భాషలు వినబడే ఊళ్ళలోనే అది దిగుతుంది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, ఉర్దూ మాట్లాడే భివండీ పిల్లలకు ఆ చీటీ వ్రాయడం కష్టమేమీ కాదు.

డెబ్బై అయిదేళ్ళుగా ఈ పాఠశాల కూడా పిల్లలను దూరాలకు పంపుతూనే ఉన్నది. వారిలో ఎవరు ఎక్కడ దిగినా, అక్కడివారి మంచితనమే వారిని నిలబెట్టినది. మన వీధిలోనో, మేడమీదనో ఎవరో పంపిన పెట్టె ఒకటి దిగిననాడు, దానిని పదిలంగా కాపాడి పంపినవారికి కబురు చేయడం మన వంతు.