జుబైల్ ఒడ్డున 7000 ఏళ్ల కిందటి భోజనం

జుబైల్ అంటే అందరికీ ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. పారిశ్రామిక నగరం పనులు 1975లో మొదలయ్యాయి. అంతకు ముందు ఇక్కడ ఏముండేది అని అడిగితే, "ఏముంటుంది, ఇసుక" అంటారు మనవాళ్లు. నేను కూడా ఆ మాట వింటూనే పెరిగాను.

కానీ జుబైల్‌కు దక్షిణంగా, సముద్రం దగ్గర దోసరియా అనే చోటు ఉంది. 1972లో అబ్దుల్లా మస్రీ అనే సౌదీ పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వారు. 2010 తర్వాత జర్మన్, సౌదీ పరిశోధకులు కలిసి మళ్లీ తవ్వారు. దాదాపు 7000 ఏళ్ల కిందట మనుషులు తిని పారేసినవి అక్కడ దొరికాయి.

ముందుగా చిప్పలు. ముత్యపు చిప్పలూ, నత్త గుల్లలూ కుప్పలుగా ఉన్నాయి. చేప ముళ్లు ఉన్నాయి. గొర్రెలు, మేకలు, పశువుల ఎముకలూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఇక్కడ ఇప్పటికంటే ఎక్కువ వానలు పడేవి. అందుకే మందలకు గడ్డి దొరికేది. అంటే వాళ్లు ఒక్కదాని మీదే ఆధారపడలేదు. కొంత సముద్రం ఇచ్చింది, కొంత మంద ఇచ్చింది. ఖర్జూరం గింజలు ఇంకా దక్షిణాన, అబుదాబి దగ్గరి దల్మా దీవిలో దొరికాయి. అవి కూడా దాదాపు ఆ కాలానివే.

నాకు అన్నిటికంటే నచ్చింది కుండల సంగతి. దోసరియాలో నల్ల రంగుతో గీతలు వేసిన అందమైన కుండ పెంకులు దొరికాయి. వాటిని ఉబైద్ కుండలు అంటారు. 1977లో జోన్ ఓట్స్, ఆమె తోటివాళ్లు మట్టిని పరీక్షించి, అవి దక్షిణ ఇరాక్‌లో తయారైనవని చెప్పారు. ఎలా వచ్చాయి? కువైట్‌లో అదే కాలపు తారు ముక్కలు దొరికాయి. వాటి ఒక వైపు రెల్లు అచ్చులు, ఇంకో వైపు సముద్రపు గుల్లలు. అవి తారు పూసిన రెల్లు పడవల ముక్కలు. కుండలు పడవల్లోనే వచ్చి ఉండాలి.

మరి ఆ కాలంలో మనవైపు? తెలుగువాళ్లు కూడా ఉండే బళ్లారి దగ్గర సంగనకల్లు అనే ఊరుంది. అక్కడి రైతులు దాదాపు 4000 ఏళ్ల కిందట, అంటే దోసరియా తర్వాత చాలా కాలానికి, అండుకొర్రలు, ఉలవలు, పెసలు పండించేవాళ్లు. పశువుల్ని పెంచేవాళ్లు. గింజల్ని రాళ్ల మీద నూరేవాళ్లు. వాళ్ల ఉలవలే ఇప్పుడు మా అమ్మ ఉలవచారులో ఉన్నాయి.

దోసరియా వాళ్లకు తిండి ఇక్కడిది, కుండ బయటిది. మా ఇంట్లో కుక్కర్ జుబైల్ బజారుది, ఉలవలు ఇండియావి. తీరు తిరగబడింది, అంతే. సముద్రం దాటి వచ్చిన వస్తువుతో ఇక్కడ భోజనం చేయడం చమురుతో మొదలవలేదు. అందుకే ఇక మీదట ఎవరైనా "ఏముంటుంది, ఇసుక" అంటే, నేను ఆ చిప్పల కుప్ప గురించి చెబుతాను.